అప్పు ఖాతాలో పదకొండు

వస్త్రలతలో మా కొట్టు.
షట్టరు సగం లేపానో లేదో పీఏ ఫోను:
"శాలువాలు పదకొండు.
అంచు మెరవాలి, రేటు మెరవకూడదు.
పదిన్నరకల్లా ధర్నాచౌక్‌లో ఉండాలి.
బిల్లు తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' ఎంత పొడుగో మా ఖాతా పుస్తకానికి తెలుసు.
పోయిన ఉగాది కవులవి
ఇంకా అందులోనే ముసుగుతన్ని పడుకున్నాయి.

బండి మీద నేనే తీసుకెళ్లాను.
టెంటు కింద పదకొండుమంది ముసలాళ్లు,
ఇస్త్రీ చొక్కాలు, వాటికి పతకాలు,
మోకాళ్ల మీద చేతులు.
మైకు లేదు. డౌన్ డౌన్ లేదు.
అట్టముక్క మీద నీలం సిరాతో:
"మేం వెళ్లొచ్చాం. ఇంకెవర్నీ పంపొద్దు."

నెల్లాళ్లుగా టీవీల్లో యుద్ధం ఇవాళా రేపా అంటున్నారు.
మా వరసలో కుర్రాళ్లు టీ తాగుతూ
ముందు ఏ ఊరిని లేపెయ్యాలో తేల్చేస్తున్నారు.
నేనూ ఒకటి రెండు ఊళ్లు లేపేసినవాణ్ణే.

కుర్చీలు మాత్రం పన్నెండు.
చివరిదాంట్లో మంచినీళ్ల సీసా కూడా
పెట్టనివ్వలేదు సుబేదారు మస్తాన్‌వలి.
"కోటప్పది," అన్నాడు.
"నిడుబ్రోలు స్టేషన్లో వాళ్లమ్మతో 'వెళ్లొస్తా' అనబోయి,
రైలు కదిలి, 'వెళ్తా' అనేశాడు.
ముప్ఫయ్యేళ్లు ఆ మాటనే తిట్టుకుంటూ పోయింది ఆవిడ.
తిట్టాల్సింది మాటని కాదని
పక్కనే ఉండీ మేం చెప్పలేదు."

పదకొండింటికి నాయకుడు దిగాడు.
ఆయనకంటే ముందు ఫ్లెక్సీ దిగింది,
"వీర జవాన్లకు ఘన సన్మానం",
రంగు వాసన ఇంకా పోలేదు.
అట్టముక్క దాని వెనక్కి పోయింది.

కాళ్లకి దణ్ణం పెట్టాడు. నిజంగానే వంగాడు,
ఆ మాట చెప్పాలి.
ఎవరు నోరు తెరవబోతే వాళ్ల మీద శాలువా.
దేవసహాయానికి ఎడమచెయ్యి లేదు.
కప్పిన ప్రతిసారీ భుజం మీంచి జారిపోయింది.
"ఇంకోసారి సార్," అన్నారు కెమెరాలవాళ్లు.
మూడోసారి పీఏ గుండుసూది కోసం చూశాడు.
నా కాలరుకుంది.
ఇచ్చాను.

అప్పుడు,
నిలబడి నిలబడి అలిసినట్టున్నాడు,
ఎవర్నీ అడక్కుండా ఆయన
పన్నెండో కుర్చీలో కూర్చున్నాడు.

మస్తాన్‌వలి లేచాడు.
"అయ్యా, అక్కడ మనిషున్నాడు."

చుట్టూ చూశారు. నవ్వారు.
"పెద్దాయనకి ఎండ కొట్టినట్టుంది,"
అంది ఒక గొంతు, ఎంతో ప్రేమగా.
అంతే, ప్రేమ మొదలైంది.
మజ్జిగ ప్యాకెట్లు, బీపీ మిషను,
ఏసీ బస్సు,
రెక్క పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కించిన కానిస్టేబుళ్లు.
లాఠీ ఒక్కటీ లేవలేదు.
కొట్టి ఉంటే కనీసం
ఆ అట్టముక్క పేపర్లో పడేది.

సాయంత్రం టీవీలో
మాజీ సైనికుల ఆశీస్సులు అని వేశారు.
దేవసహాయం నోరు కదులుతోంది, మాట వినపడదు.
పైన వీరగీతం ఏదో పెట్టారు.

మర్నాడు నేనొచ్చేసరికి కొట్టు మెట్ల మీద ఇద్దరూ ఉన్నారు.
పదకొండు శాలువాలు
ఒకే కొలత మడత, అంచు మీద అంచు,
మిలిటరీ పెట్టెలో సర్దినట్టు.
"మావి కావు. లెక్క చూసుకో.
గుండుసూది కూడా."

బిల్లు లేనిదే వాపసు తీసుకోం అని మా గోడకి బోర్డుంది.
దాని కిందే నిలబడి తీసుకున్నాను.

వెళ్లబోతూ దేవసహాయం ఆగాడు.
"తువ్వాలుందా? నూలుది, మామూలుది."
"ఎందుకండీ?"
"కుర్చీ తుడవాలి."

అరవై రూపాయలు.
ఉంచండి అన్నా వినలేదు,
ఒంటిచేత్తో నోట్లు పరిచి బల్లమీద పెట్టాడు.
"ఎవరి పేరున రాయను?"
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
"కోటప్ప," అన్నాడు సుబేదారు. "సిపాయి కోటప్ప."

రాశాను.
తువ్వాలు ఒకటి. నగదు.